ఒళ్ళు అదిరినప్పుడు: ఒక వార్డు సిస్టరు అనుభవ పాఠాలు

ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రుల్లో చేశాను. అందులో ఎక్కువ భాగం నరాల వార్డులోనే. రిటైరయ్యాక సొంతూరు దెందులూరు వచ్చేశాను. బీపీ చూడమనేవాళ్ళు, మందుల చీటీ చదివిపెట్టమనేవాళ్ళు రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వాళ్ళ మధ్యలో అప్పుడప్పుడూ ఒకరు అరుగు మీద కూలబడి, "సిస్టరుగారండీ, మావాడికి ఒళ్ళు ఎగిరెగిరి పడుతోందండీ, ఎవరికి చూపించమంటారు?" అంటారు. ఆ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. రాత్రి డ్యూటీల్లో మంచం పక్కన నిలబడి చూసినదాన్ని. ఈ జబ్బుల్లో ఆ చూడటమే సగం వైద్యం.

1. కన్నదిరిన ప్రతిసారీ ఆసుపత్రికి పరిగెత్తక్కర్లేదు.

మగాళ్ళకి కుడికన్ను, ఆడవాళ్ళకి ఎడమకన్ను అదిరితే శుభమంటారు. శుభం సంగతి నాకు తెలీదు. రెప్ప అదిరేది మాత్రం మామూలుగా నిద్ర చాలకో, టీలు ఎక్కువయ్యో, అలసటకో. కొన్నాళ్ళకి దానంతటదే పోతుంది. నిద్ర పట్టే ముందు ఎక్కడో పడిపోతున్నట్టనిపించి ఉలిక్కిపడటం మనలో చాలామందికి ఉన్నదే. చేలో పనిచేసి వచ్చిన రాత్రి పిక్క పట్టేయడం కూడా అంతే. అదురు రోజూ వస్తూ పెరుగుతుంటేనూ, చేతిలో వస్తువు జారిపోతుంటేనూ, మతిమరుపో, నిద్ర బొత్తిగా లేకపోవడమో, కాళ్ళలో సత్తువ తగ్గడమో తోడైతేనూ కదలాలి.

2. అదురు ఒకటే, పుట్టుక వేరు.

ఏలూరు చుట్టుపక్కల మనకి ఈ సంగతి 2020 డిసెంబరులో తెలిసింది. వన్‌టౌన్‌లో మొదలైంది. ఉన్నట్టుండి మనుషులు పడిపోవడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ. కొద్ది నిమిషాల్లో తేరుకునేవాళ్ళు, కానీ జరిగింది గుర్తుండేది కాదు. కొద్ది రోజుల్లోనే ఆరువందల మంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. దెందులూరు వైపు నుంచీ వెళ్ళారు. వైరస్ అన్నారు, దోమల మందన్నారు, నీళ్ళన్నారు. ఎయిమ్స్ వాళ్ళకి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, నీరి లాంటి పరిశోధన సంస్థలన్నీ దిగాయి. చివరికి పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణం అయ్యుండొచ్చని నిపుణులు తేల్చారు.

అది బయటినుంచి ఒంట్లోకి వెళ్ళిన విషం వల్ల మెదడు రేగి వచ్చిన ఫిట్లు. అదురు మెదడు పైపొరలో పుట్టొచ్చు, వెన్నుపాములో పుట్టొచ్చు, కండరం దగ్గరికెళ్ళే నరం కొసలో పుట్టొచ్చు. పైకి చూస్తే మూడూ ఎగరడమే. అప్పటినుంచీ మన వైపు ఎవరి చెయ్యి ఎగిరినా "ఆ ఏలూరు జబ్బేనా?" అంటున్నారు. కాదు. ఒకేసారి ఊరంతా పడితే ఒక లెక్క, ఒక మనిషికి నెలల తరబడి అదురుతుంటే ఇంకో లెక్క.

3. ముందు ఇంట్లో మందుల సంచీ బోర్లించండి.

పెద్ద జబ్బుల పేర్లు తలుచుకునేముందు చిన్నవి చూసుకోవాలి. అరికాళ్ళ మంటలకీ నరాల నొప్పులకీ రాసే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ బిళ్ళలు కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. షుగరుతో కిడ్నీ దెబ్బతిన్న మనిషి అదే మోతాదు వేసుకుంటూ పోతే మందు ఒంట్లో పేరుకుని చేతులు ఎగురుతాయి, మగతగా ఉంటాడు. చుట్టాలు పక్షవాతమని పరిగెత్తుతారు. డాక్టరు చూసి మోతాదు తగ్గిస్తే సర్దుకుంటుంది. మీ అంతట మీరు మానేయకండి, ఆ బిళ్ళలు ఒక్కసారిగా ఆపితే అదో గొడవ. కిడ్నీ, లివరు బాగా చెడినవాళ్ళకి మందుల్లేకుండానే అరచేతులు కొట్టుకుంటాయి. చేతులు ముందుకు చాపి మణికట్టు పైకెత్తమనండి, నిలవలేక టపటపా వాలిపోతాయి.

మన వరిచేలల్లో ఇంకోటుంది. మందు కొట్టి వచ్చిన మనిషికి ఒళ్ళంతా కండలు చిన్నచిన్నగా అదురుతూ, చెమటలు కారుతూ, నోట్లో నీళ్ళూరుతూ, కంటిపాప ఆవగింజంత అయిపోతే అది పురుగుమందు ఎక్కడమే. ఆ మనిషిని క్షణం కూర్చోబెట్టొద్దు. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బా కూడా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డబ్బా మీద పేరుంటే డాక్టరు పని సగం తేలిక.

4. ఒంటి రక్షణే నరాల మీద పడే జబ్బులున్నాయి.

క్రిములు వస్తే చంపడానికి ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. కొందరిలో అవి దారి తప్పి సొంత నరాల మీదో, మెదడు కణాల మీదో అతుక్కుంటాయి. ఒక్కోసారి జ్వరమో విరేచనాలో తగ్గాక, ఒక్కోసారి ఒంట్లో ఎక్కడో గడ్డ ఉండటం వల్ల, చాలాసార్లు కారణమే తెలియకుండా. వీటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. 2022లో సమంత తనకు మయోసైటిస్ ఉందని చెప్పినప్పుడు ఆ మాట మన ఇళ్ళలోకి వచ్చింది. ఆమెది కండరాలకి సంబంధించింది. అదే ఏడాది డిసెంబరులో సెలీన్ డియాన్ అనే కెనడా గాయని తనకు స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్ అని చెప్పింది. అందులో తలుపు చప్పుడుకీ, బండి హారనుకీ ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, రోడ్డు దాటడమంటేనే హడలిపోతారు. అలాంటి వాళ్ళని చూసి "నాటకాలు" అన్నవాళ్ళని నేను వార్డులో చాలామందిని చూశాను. ఆ నోళ్ళకి మాత్రం మందు లేదు.

పేర్లు పక్కన పెట్టండి. పట్టుకోవాల్సిన సంగతి ఏమిటంటే, ముసలితనం వల్ల వచ్చే మతిమరుపుకి లేని అవకాశం వీటికి ఉంది. త్వరగా పట్టుకుంటే చాలామంది బాగుపడతారు.

5. డాక్టరు ముందు అదురు రాదు. అందుకే ఫోను తీయండి.

ఒక కోడలు మామగారిని తీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి, చేపల లారీల లెక్కలు రాసేవాడు. రెండుచోట్ల చూపించారు. తల మీద వైర్లు పెట్టి తీసే ఈఈజీ బాగానే ఉందన్నారు, స్కానింగు బాగానే ఉందన్నారు, టెన్షను తగ్గించుకోమన్నారు. నేను అడిగిందొక్కటే, "ఏం చూశావమ్మా?"

"టీ గ్లాసు ఇస్తానా సిస్టరుగారూ, మూతి ఇలా ఓ పక్కకి లాక్కుంటుంది, అదే పక్క చెయ్యి ముడుచుకుపోతుంది. రెప్పపాటులో అయిపోతుంది. గ్లాసు కింద. ఏంటి మావయ్యగారూ అంటే, నాకేమైందే అంటారు. రోజుకి ఎన్నిసార్లో లెక్కే లేదు."

ఫోనులో తీసి పెట్టింది కూడా. కుడిపక్క మూతి, కుడి చెయ్యి, రెండూ కలిసి, ఓ క్షణం. మళ్ళీ మామూలే. ఆ వీడియోలో ఉన్నది నరాల డాక్టర్లు 2011 నుంచీ ఒక ప్రత్యేకమైన పేరుతో పిలుస్తున్న అదురు. ఎల్‌జీఐ1 అనే ప్రొటీను మీద యాంటీబాడీలు తయారైన వాళ్ళలో వస్తుంది. ఎక్కువగా పెద్దవయసు వాళ్ళకి, రోజుకి పదుల సార్లు, ఒక్కోటి మూడు సెకన్ల లోపు. చాలామందికి ఈఈజీలో ఏమీ దొరకదు. రక్తంలో సోడియం తక్కువ ఉంటుంది. ఆ తగ్గిన సోడియం చూసి ఉప్పు ఎక్కువ తినమని పంపేస్తారు. ఫిట్ల బిళ్ళలు వీటిమీద పెద్దగా పనిచేయవు, స్టెరాయిడ్లకి లొంగుతాయి. వదిలేస్తే కొన్ని వారాల్లోనో నెలల్లోనో జ్ఞాపకం దెబ్బతింటుంది, లెక్కలు రాసే మనిషి మనవడి పేరు మర్చిపోతాడు. ఈ అదురు దశలోనే పట్టుకుంటే ఆ ముప్పు చాలావరకు తప్పించొచ్చు.

వీడియో తీసేటప్పుడు మొహమూ రెండు చేతులూ కనపడేలా తీయండి. పేరు పెట్టి పిలవండి, పలుకుతాడో లేదో అందులో వినపడాలి. మంచి వెలుతురు ఉండాలి. చుట్టూ చేరిన వాళ్ళని కాసేపు ఏడవొద్దనండి. ఈ వీడియో ముందు డాక్టరుకి చూపించండి, చుట్టాల గ్రూపుల్లో తర్వాత, కుదిరితే అసలు వద్దు.

6. నిద్రపోయాక దుప్పటి తీసి చూడండి.

చాలా రకాల వణుకులు నిద్రలో ఆగుతాయి. ఆగనిది ఒకటుంది. కొల్లేటి లంకల్లో చెరువు కాపలా ఉండే ఒకాయన వార్డులో చేరాడు. పిక్కలు నొప్పులు, ఒళ్ళంతా చెమటలు, పిడికిలి బిగిస్తే వెంటనే తెరవలేడు. రాత్రి రెండింటికి టార్చి వేసి చూశాను. మనిషి కునుకులో ఉన్నాడు. పిక్కలు మాత్రం మెలకువగా ఉన్నాయి. మేత చల్లినప్పుడు చెరువు నీళ్ళు పైకి తుకతుకమంటూ కదులుతాయే, చర్మం కింద అలా కదులుతోంది. ఒకచోట ఆగితే ఇంకోచోట. వేలు పెడితే వేలికి తెలుస్తోంది.

దీన్ని 1961లో దక్షిణాఫ్రికాలో ఐజాక్స్ అనే డాక్టరు మొదట వివరంగా రాశాడు, ఆయన పేరే స్థిరపడింది. ఇక్కడ అదురు పుట్టేది నరం కొసల్లో, మెదడులో కాదు. నరంలో పొటాషియం రాకపోకలు చూసే చోట యాంటీబాడీ పడితే, ఒక్కసారి పలకాల్సిన నరం ఆగకుండా పలుకుతూనే ఉంటుంది. మెదడు నిద్రపోయినా, మత్తు ఇచ్చినా దానికి సంబంధం లేదు. కండలో సూది పెట్టి చూసే ఈఎంజీ పరీక్షలో ఇది తేలుతుంది. ఇదే జబ్బు మెదడుకి కూడా పాకితే నిద్ర పూర్తిగా పోతుంది, లేనివి కనపడతాయి. దాన్ని ఫ్రాన్సులో మోర్వాన్ 1890లోనే రాసి పెట్టాడు. అలాంటి వాళ్ళకి ఛాతీలో థైమస్ గడ్డ ఉందేమో తప్పకుండా చూస్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మోకాళ్ళ నొప్పులకీ, "నరాల బలానికీ" అని ఎవరో ఇచ్చిన పొట్లాలు మనవాళ్ళు నెలల తరబడి మింగుతారు. పాదరసం, బంగారం, ఆర్సెనిక్ లాంటివి ఉన్న భస్మాలు వాడిన వాళ్ళలో ఈ జబ్బు కనపడుతోందని జైపూరు డాక్టర్లు 2006లోనే రాశారు. ఇంకొన్నిచోట్ల నుంచి కూడా అలాంటివే వచ్చాయి. ఆయుర్వేదం మొత్తాన్ని నేను తిట్టడం లేదు. పేరు లేని, చీటీ లేని పొట్లం గురించి అంటున్నాను. ఆ చెరువు కాపలా ఆయన తలగడ కింద అలాంటి పొట్లం ఉంది. అడిగితే, "బలానికండి" అన్నాడు. డాక్టరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదంటే, "అది మందు కాదు కదండీ" అన్నాడు.

7. దయ్యం పట్టిందనే ముందు.

పదహారు, ఇరవై ఏళ్ళ పిల్ల. వారం పదిరోజులుగా పొంతన లేని మాటలు, రాత్రంతా మేలుకునే ఉంటుంది, నోరు చప్పరిస్తూ, చేతులు ఏదో అల్లుతున్నట్టు ఆడిస్తూ, మధ్యలో ఫిట్లు. మన వైపు దీనికి అంత్రాలు, తాయెత్తులు, ముంతలు దింపడాలు అన్నీ ఉన్నాయి. 2007లో డాల్‌మావ్ అనే డాక్టరూ ఆయన జట్టూ దీనికి కారణమైన యాంటీబాడీని పట్టుకున్నారు. ఎన్‌ఎండీఏ ఎన్‌కెఫలైటిస్ అంటారు. కొందరు అమ్మాయిల్లో అండాశయంలో గడ్డ ఉంటుంది, దాన్ని తీసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తే లేచి కాలేజీకి వెళ్ళిన పిల్లలున్నారు. తేరుకోవడానికి నెలలు పడుతుంది, ఓపిక ఉండాలి. తాయెత్తు కట్టుకోండి, ఎవరూ వద్దనరు. దాని కోసం వారం పోగొట్టుకోవద్దు.

8. చంటిపిల్లల కళ్ళు చూడండి.

ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్ల నడక నేర్చుకుని మళ్ళీ తూలుతుంటే, ఒళ్ళు అదురుతుంటే, కనుగుడ్లు నాలుగు వైపులా ఆగకుండా గెంతుతుంటే అది దిష్టి కాదు. కడుపులోనో ఛాతీలోనో న్యూరోబ్లాస్టోమా అనే గడ్డ దాక్కుని ఉండొచ్చు. ఈ పిల్లల్లో సుమారు సగంమందిలో అది దొరుకుతుంది. ఇంకొంచెం పెద్ద పిల్లల్లో, బడిలో వెనకబడుతూ, ఉండుండి తల వాలడమో ఒళ్ళు ఒక్క కుదుపు కుదపడమో ఉంటే చిన్నప్పుడు తట్టు పోసిందా అని అడుగుతారు. తట్టు వైరస్ ఏళ్ళ తర్వాత మెదడులో లేచే జబ్బది. దానికి సరైన మందు లేదు, తట్టు టీకా మాత్రం ఉంది.

9. అదరని కాలు కూడా చెప్తుంది.

2025 జనవరిలో పుణెలో, ఫిబ్రవరిలో గుంటూరులో వార్తలొచ్చాక జీబీఎస్ అంటే అందరికీ తెలిసింది. నరాల మీద ఇమ్యూన్ దాడుల్లో మనకి ఎక్కువగా కనపడేది అదే. అందులో ఎగరడం తక్కువ, పడిపోవడం ఎక్కువ. కాళ్ళ తిమ్మిరితో మొదలై, మెట్లెక్కలేకపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం, తర్వాత చేతులు. ఒక వారం రెండు వారాల కింద విరేచనాలో జలుబో వచ్చి ఉంటుంది. డాక్టరు మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరదు. ఎగరని ఆ కాలు చూసే వార్డులో మేము ఆక్సిజనూ, వెంటిలేటరూ సిద్ధం చేసేవాళ్ళం. ఒక్క గుక్కలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో గంటగంటకీ చూస్తాం. ఇరవై దగ్గర నుంచి పదికి పడిపోతే ఊపిరి కండరాలు అలిసిపోతున్నట్టు. ఇంటిదగ్గర సెలైన్ ఎక్కించి, బీకాంప్లెక్స్ సూది వేసి రేపు చూద్దామనే రోగం కాదు.

ఇదే దాడి రెండు నెలలు దాటినా పెరుగుతూనే ఉంటే సీఐడీపీ అంటారు. అందులో చేతులు వణికేవాళ్ళు చాలామంది ఉంటారు, వయసు వణుకులే అని సరిపెట్టేస్తారు. ఇంకో తేడా గుర్తుపెట్టుకోండి. స్టెరాయిడ్లు సీఐడీపీకి పనిచేస్తాయి, జీబీఎస్‌కి పనిచేయవు. కాళ్ళు లాగుతున్నాయని ఎవరో తెలిసినాయన స్టెరాయిడు సూది వేస్తానంటే వద్దనండి.

10. డబ్బు గురించి సిగ్గుపడకుండా అడగండి.

ఈ జబ్బులకి వాడే ఇమ్యునోగ్లోబులిన్ అంటే వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు. మామూలు లెక్క కిలో బరువుకి రెండు గ్రాములు, ఐదు రోజుల్లో. అరవై కిలోల మనిషికి నూట ఇరవై గ్రాములు, అంటే ఐదు గ్రాముల బుడ్లు ఇరవై నాలుగు. బయట కొంటే లక్షల్లో పని. జీబీఎస్‌కి ఆరోగ్యశ్రీలో ఇది ఉంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. చేరిన రోజే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి, మీ డాక్టరు రాసిన జబ్బు పేరు చెప్పి, జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ప్లాస్మా మార్పిడి కుదురుతుందా అని డాక్టర్ని అడగండి. రోజు విడిచి రోజు, మామూలుగా ఐదు విడతలు చేస్తారు. చాలా జబ్బుల్లో అంతే పనిచేస్తుంది, ఖర్చు తక్కువ. పొలం తాకట్టు పెట్టే ముందు ఈ రెండు ప్రశ్నలూ అడగండి.

ఆ బుడ్డి ఎక్కించేటప్పుడు పక్కన ఉండే వాళ్ళకి కూడా పనుంది. బుడ్డిని కుదపకూడదు, నురగ వస్తుంది. మొదటి అరగంట చుక్కలు నెమ్మదిగా పడాలి. "త్వరగా అయిపోతుంది కదా" అని చక్రం తిప్పే బావమరుదులు ప్రతి వార్డులోనూ ఒకరుంటారు. చలి, దద్దుర్లు, ఛాతీ బిగుతు, తట్టుకోలేని తలనొప్పి, ఏది వచ్చినా సిస్టర్ని పిలవండి.

11. బాగైందని మందు మానొద్దు.

స్టెరాయిడ్లు మొదలుపెట్టాక కొన్నాళ్ళకి అదురు ఆగిపోతుంది. ఇంటికొచ్చి పదిహేను రోజులకి మొహం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, షుగరు మూడొందలు దాటుతుంది. అప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి "స్టెరాయిడ్లు ఎముకలు తినేస్తాయి, ఆపెయ్" అంటాడు. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది, జబ్బు కూడా తిరగబడుతుంది. తగ్గించాల్సింది డాక్టరే, మెట్టు మెట్టుగా, నెలల మీద. ఈలోగా షుగరు చూపించుకుంటూ ఉండాలి. దగ్గు ఆగకపోతే టీబీ పరీక్ష చేయించుకోవాలి. కాల్షియం బిళ్ళ మానకూడదు.

అదురు మళ్ళీ వస్తే, ఎన్నో తారీకున, ఏ పక్క, ఎంతసేపు, ఆ వారం ఏ బిళ్ళ మారింది, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. మొదటి ఫిల్ములు, సోడియం రిపోర్టు, వెన్నులో నీరు తీసిన కాగితం అన్నీ ఒకే సంచీలో పెట్టి, దాన్ని బీరువా పైన కాకుండా వీధి తలుపు పక్కన మేకుకి తగిలించండి. రాత్రి పూట అంబులెన్సు వచ్చినప్పుడు బీరువా తాళంచెవి ఎవరికీ దొరకదు.